కండెల షెడ్డు పోచమ్మ

ఆదివారం పొద్దున బస్సు కదిలేలోపు నేను చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. టిఫిన్ పొట్లాలు ఎక్కించాలి. మైకు చార్జింగు చూసుకోవాలి. మిల్లు గేటు ముందు తుమ్మకంప కొట్టించారో లేదో కనుక్కోవాలి. కిషన్ రావు గారిని హన్మకొండలో వారి ఇంటి ముందే ఎక్కించుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాలి, ఆయనకు మోకాళ్ల నొప్పి. కండెల షెడ్డులో ఉన్న పోచమ్మ రాయికి కొత్తగా పసుపు కుంకుమ పెట్టించాలి, ఫొటోల్లో బాగా పడాలని మా టూర్ల కంపెనీ ఓనరు భానుచందర్ సార్ మరీ మరీ చెప్పారు. అన్నింటికంటే ముందు, మా అవ్వను రావద్దని ఒప్పించాలి.

ఆ చివరిది తప్ప అన్నీ చేశాను.

మా వైపు తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ పేరు ఓదెమ్మ. దేవిడి మిల్లులో కండెలు చుట్టేది. అంటే మగ్గాలకు అందించే నూలును చిన్న చిన్న కర్ర గొట్టాలకు ఎక్కించే పని. మా నాయిన కట్టయ్య అక్కడే ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక అవ్వ ఆ వైపు మళ్లీ తొంగి చూడలేదు. కూరగాయలకు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేది తప్ప ఆ గోడ పక్కనుంచి నడిచేది కాదు. అలాంటి మనిషి, కిందటి వారం అన్నం తింటూ తింటూ నేను చెప్పిన కబురు విని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి "నేను గూడ వస్త" అన్నది.

కబురు ఇదీ. దేవిడి మిల్లును హోటలుగా మారుస్తున్నారు. పొగగొట్టం, ముందు కమాను ఉంచుతారు. కండెల షెడ్డు కూలుస్తారు. ఆ షెడ్డులోని పోచమ్మ రాయిని పెకిలించి హోటలు ముందు గదిలో అద్దాల పెట్టెలో పెడతారు. కిషన్ రావు గారు ఒకప్పుడు ఆ మిల్లులో లేబర్ ఆఫీసరు, ఇప్పుడు హోటలు వాళ్లకు సలహాదారు. ఈ ఆదివారం యాత్ర ఆయనకు నచ్చితే హోటల్లో గైడుగా నాకు పర్మనెంటు ఉద్యోగం. మా ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటిదాన్ని నేను. ఎం.ఏ. చరిత్ర చదివి మూడు ఊళ్లలో టెంపరరీగా తిరిగినదాన్ని. ఆ ఉద్యోగం నాకు ఎంత అవసరమో అవ్వకు తెలుసు. తెలిసే వస్తానన్నది.

పెళ్లిళ్లకు కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకుని, వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. కిషన్ రావు గారు కర్ర పట్టుకుని బస్సెక్కుతూ అందరికీ నమస్కారం పెట్టారు. ఆయన్ను చూడగానే అవ్వ కొంగు తల మీదికి లాక్కుంది. పెద్దమనిషి ముందు మర్యాద అనుకున్నాను.

వేయి స్తంభాల గుడిలో అవ్వ అందరితో పాటు మొక్కింది. కోటలో రాతి తోరణాల ముందు మాత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"గిదేంది బిడ్డా, గోడ లేకుంట దర్వాజలు నిలవెట్టిండ్రు?"

"గోడలుండేవి అవ్వా. మధ్యల గుడి ఉండేది. పడగొట్టిండ్రు."

"మరి గిది సూడనీకి టికెటా? పడగొట్టినోడు ఇడ్సిపెట్టింది సూడనీకి!"

పక్కన నడుస్తున్న అరుణ గారు పకపకా నవ్వారు. ఆమెది హన్మకొండ చౌరస్తాలో తాతల నాటి బట్టల దుకాణం. "మీ అమ్మ మస్తు మాట్లాడతాంది. మైకు ఆమెకియ్యరాదూ, మాకు నిద్ర రాదు" అన్నారు నాతో. నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు నేను నవ్వడం అదే ఆఖరు.

భోజనాలయ్యాక దేవిడి మిల్లుకు చేరాం. నెక్కొండ వైపు పోయే రైలు కట్టను ఆనుకుని ఉంటుంది. ఎర్ర ఇటుక, గచ్చు సున్నం. కమాను మీద గడియారం ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం, అందులో పావురాలు. షెడ్డు కప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పంటికీ ఉత్తరం వైపు మాత్రమే అద్దాలు పెట్టారు. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం పొద్దంతా ఒకే తీరుగా ఉంటుంది, తెగిన దారం కంటికి కనబడాలని. ఇదంతా నేను చెబుతుంటే జనం తలలెత్తి చూశారు, ఫోన్లు పైకెత్తారు. భానుచందర్ సార్ నాకు బొటనవేలు చూపించారు. బాగా నడుస్తోందని.

కిషన్ రావు గారు మైకు అడిగి తీసుకున్నారు. "ఈ మిల్లు ఒక కుటుంబం లెక్క నడిచింది. దసరాకు గేట్లు తెరిచి, కార్మికుల భార్యాపిల్లలను లోపలికి రానిచ్చి, మిషన్లకు పూజ చేయించేవాళ్లం. వాళ్లు షెడ్డులో పోచమ్మను పెట్టుకుంటామంటే కూడా మేం అడ్డు చెప్పలేదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అవ్వ కొట్టలేదు.

కండెల షెడ్డులో మిషన్లు లేవు, వాటిని బిగించిన బోల్టులు నేలలో మిగిలాయి. గోడ మూలన, మోకాలెత్తు రాయి. దాని మీద ఉలితో చెక్కిన ఆడమనిషి రూపం. కుడిచేతిలో ఏదో పొడుగ్గా పట్టుకుని ఉంటుంది. పొద్దున పెట్టించిన పసుపు ఇంకా తడిగా మెరుస్తోంది. నేను రాసుకున్నదే చెప్పాను. "ఇది కాకతీయుల కాలపు గ్రామదేవత. చేతిలో ఖడ్గం చూడండి. మిల్లు కట్టేటప్పుడు తవ్వకంలో బయటపడి ఉంటుంది. కార్మికులు దీన్ని పోచమ్మగా కొలిచారు. మిల్లు నడిచినన్నాళ్లూ ఏటా పెత్రమాస నాడు ఇక్కడ అన్నం వండి పెట్టేవారు."

ఆ చివరి ముక్క నాకు పాత కార్మికులు చెప్పారు. అంతకుమించి ఏమడిగినా వాళ్లు చెప్పలేదు.

"ఆగు ఆగు" అన్నారు అరుణ గారు. "పెత్రమాస నాడా? పోచమ్మకా? పోచమ్మకు బోనం ఆషాఢంల, శ్రావణంల గదనే పెడతరు. పెత్రమాసకు సచ్చిపోయినోళ్లకు పెడతరు. ఆ దినం మా ఇంట్ల మా అత్తమ్మ పేరు మీద బియ్యమిస్తం. దేవతకు ఆ దినం అన్నం వెట్టుడేంది? పాపం గాదూ?"

నాకు తెలియని సంగతి కాదు. మా ఇంట్లో కూడా పెత్రమాసకు, అదే భాద్రపద అమావాస్యకు, నాయిన పేరు మీద బియ్యం ఇస్తాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటాం. ఆ రోజు చచ్చిపోయినవాళ్లదని ఇక్కడ పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. రాయిని చూడగానే కాకతీయులు గుర్తొచ్చారు గానీ, మా ఇంటి పండుగ నాకు గుర్తు రాలేదు.

కిషన్ రావు గారు చిన్నగా నవ్వి, "చదువు లేని జనం అమ్మా. ఏ రోజు ఏం చెయ్యాల్నో వాళ్లకేం తెలుసు?" అన్నారు.

"మాకు దెల్సు సారూ."

అందరూ వెనక్కి తిరిగారు. అవ్వ తల మీది కొంగు తీసేసింది.

"మాకు మంచిగ దెల్సు. ఏ దినం ఎవరికి పెట్టాల్నో దెల్సే పెట్టినం. గది పోచమ్మ గాదు. మా కొంరమ్మ. నా పక్క మిషన్ మీద కండెలు సుట్టేది. శేతుల ఉన్నది కత్తి గాదు బిడ్డా, కండె."

"పద్మలతా," అన్నారు భానుచందర్ సార్ నా చెవి దగ్గర, "మీ అమ్మను బస్సులోకి తీసుకుపో."

నేను కదల్లేదు. అవ్వ రాయి దగ్గరికి నడిచి, నేల మీద చతికిలబడి కూర్చుంది. ఇంట్లో బియ్యం ఏరుతూ చెప్పినట్టే చెప్పింది.

"పైన ఇరుసు తిరిగేది. ఆడికెల్లి తోలు బెల్టు కిందికి మా మిషన్‌కు. బెల్టు సుట్టు ఇనుప జాలి ఉండాలె. ఊకె ఊకె తీసి సాఫ్ జేసుడు లేటైతాందని ఆ జాలి తీసి పక్కకు వడేసిండ్రు. ఎయ్యుండ్రి సారూ అని మేం అడిగినం. రేపు ఏస్తం, ఎల్లుండి ఏస్తం అన్నరు. కొంరమ్మ కొంగు దోపుకునే ఉన్నది. వంగి కండె తీస్తాంటె కొంగు ఊడింది. బెల్టు గుంజుకున్నది. గంతే. మేం మొత్తుకునేసరికి అయిపోయింది."

ఎవరో "అయ్యో" అన్నారు. అవ్వ ఆ మాట విననట్టే ఉంది.

"మిల్లుల సచ్చిపోయిందంటె మిల్లు మీదికొస్తది. వెనక గేటు తెరిచి, ఆమెను తీస్కపోయి గా రైలు కట్ట మీద పండవెట్టిండ్రు. రైలొచ్చింది. మమ్ముల ఆడోళ్లందరిని గీ షెడ్డుల్నే నిలవెట్టి, కొంరమ్మ డ్యూటీకి రాలేదని చెప్పుండ్రి, లేకుంటె మిల్లు బందైతది, మీ పిల్లలు అడుక్కతింటరని ఒక సారు జెప్పిండు. అప్పుడు మీసం నల్లగుండె. గిప్పుడు తెల్లగైంది."

షెడ్డులో అందరూ ఆయన వైపే చూశారు. కిషన్ రావు గారు కర్ర మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు. ఆయన ముఖంలో భయం లేదు. అది చూసే నాకు భయమేసింది.

"స్తూపం కడ్తమంటె యూనియనోళ్లను కొట్టిచ్చి బయటికి ఎల్లగొట్టిండ్రు. అప్పుడు మావోళ్లకు ఉపాయం తట్టింది. పోచమ్మను వెడ్తె ఎవ్వడు తీస్తడు? ఎంత పెద్ద సారైనా పోచమ్మను ముట్టడు. రాళ్లు కొట్టేటాయన్ని పట్టుకొని కొంరమ్మను చెక్కిచ్చినం. పోచమ్మ అని పేరు వెట్టినం. కొత్తగొచ్చినోళ్లకు మేం అసలు సంగతి చెప్పలె, భయానికి. చెప్పక చెప్పక ఆమె పోచమ్మే అయిపోయింది." అవ్వ రాయి మీద చెయ్యి వేసింది. "గీమెను పెట్టెల వెట్టి, హోటల్ల తినేటోళ్లకు సూపిస్తరా?"

అప్పుడు కిషన్ రావు గారు మాట్లాడారు. మెల్లగా, ఎంతో మర్యాదగా.

"నువ్వు ఫిట్టర్ కట్టయ్య పెండ్లానివి గదా? ఓదెమ్మవు. బస్సులనే ఎక్కడ్నో చూసినట్టనిపించింది."

అవ్వ తలెత్తింది.

"చెప్పినదంతా చెప్పినవ్. నువ్వేం చెప్పినవో అది గూడ చెప్పమ్మా మీ బిడ్డకు. డ్యూటీకి రాలేదని చెప్పమన్న నేను. నిజమే. కాదంటలేను. నాలుగు వందల ఇండ్లల్ల పొయ్యి వెలగాల్నంటె అట్ల చెప్పక తప్పలె. కానీ డ్యూటీకి రానిది రైలు కట్టకు ఎందుకు పోయిందని పోలీసులు అడిగితే ఏం చెప్పినవ్? నేను నేర్పిన్నా ఆ మాట? యాద్ చేసుకో."

అవ్వ రాయి మీది నుంచి చెయ్యి తీసేసింది.

"చెప్పకుంటె నేనే చెప్త. 'మొగడు కొడ్తుండె సారూ, ఇంట్ల లొల్లి అయినట్టున్నది' అన్నవ్. ఎవ్వరు అనమనలే. నువ్వే అన్నవ్. నేను అబద్ధం చెప్పిచ్చింది మిల్లు కోసం. నువ్వు ఎవరి కోసం చెప్పినవ్?"

పైన పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి.

నాకు మొగిలయ్య గుర్తొచ్చాడు. మా వాడకట్టు చివరి ఇల్లు ఆయనది. రైల్వే గేటు దగ్గర మక్కకంకులు కాల్చి అమ్ముతాడు. పెండ్లాన్ని రైలు కిందికి తోలినోడని ఆయనకు పేరు. మా వాడకట్టువాళ్లు ఎవరూ ఆయన దగ్గర కంకి కొనరు. పెండ్లికి పిలవరు, చావుకు పిలవరు. నేను చిన్నప్పుడు ఒకసారి ఆయన ఇచ్చిన కంకి పట్టుకొస్తే, అవ్వ దాన్ని లాక్కుని మురుగు మోరీలో పడేసి నన్ను కొట్టింది. ఆ ఇంటి దిక్కు పోతే కాళ్లు విరగ్గొడతానంది. మంచి ఆడది కాబట్టి చెడ్డ మగాణ్ని అసహ్యించుకుంటోందని ఇన్నేళ్లూ అనుకున్నాను.

"అవ్వా, మొగిలయ్య ఆమె భర్తేనా?"

అవ్వ తల ఊపింది.

"కొట్టేటోడా?"

"ఎన్నడు కొట్టలె బిడ్డా. ఇద్దరు కలిసి బువ్వ తినేటోళ్లు, ఒక్క పళ్లెంల. మేం నవ్వేటోళ్లం. పోలీసాయిన బల్ల మీద లాఠీ కొట్టి, నిజం చెప్పు, లేకుంటె నిన్ను లోపలేస్త అన్నడు. నోట్లెకెల్లి అదొచ్చింది. మా ఇండ్లల్ల అందరు కొడ్తరు గద, అందుకే అదొచ్చిందేమో. ఎవరన్న నమ్ముతరని."

నమ్మారు. మొగిలయ్యను ఆరు నెలలు జైల్లో పెట్టి వదిలారు. పోలీసులు వదిలినా మా వాడకట్టు వదల్లేదు.

భానుచందర్ సార్ నన్ను పక్కకు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. నా జీతం ఒక్క రోజు ఆలస్యం చేసిన మనిషి కాదు. "పద్మలతా, జరిగిందేదో జరిగింది. నలభై ఏళ్ల కిందటి ముచ్చట. మైకు తీసుకో. అమ్మకు ఈ మధ్య ఆరోగ్యం బాగుంట లేదు, ఏదేదో మాట్లాడతదని చెప్పు. అంతే. సార్‌తో నేను మాట్లాడుత. ఉద్యోగం ఎక్కడికీ పోదు" అన్నారు.

మైకు తీసుకున్నాను. ఆ ఉద్యోగం వస్తే అవ్వ ఇళ్లలో గిన్నెలు తోమడం మానుతుందని లెక్కలు వేసుకున్నదాన్ని.

"మా అవ్వ ఆరోగ్యం బాగానే ఉంది. ఈ రాయి కాకతీయులది కాదు, నేను తప్పు చెప్పాను. ఈమె దేవత కూడా కాదు" అని ఇంకా చెప్పబోతుండగా మైకు ఆగిపోయింది. భానుచందర్ సార్ చేతిలో దాని పెట్టె ఉంది. ఆయన నా ముఖం చూడలేదు.

బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్లింది. అరుణ గారు ఒక్కరే కిటికీలోంచి చెయ్యి ఊపారు. కిషన్ రావు గారు ముందు సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నారు.

రైలు కట్ట పక్కన ఇద్దరం నడిచాం. చివరికి అవ్వే అన్నది.

"నీ నౌకరి పోగొట్టిన బిడ్డా."

"నౌకరి సంగతి అడుగుతలేను. ఆ మొగిలయ్యకు ఎప్పుడన్న చెప్పినవా?"

"ఏ మొఖం వెట్టుకొని చెప్పాలె?"

"రాయికి అన్నం పెట్టినవ్. పెత్రమాస పెత్రమాసకు పెట్టినవ్. బతికున్నోడికి గుక్కెడు నీళ్లు పోయకపోతివి గదనే!"

అంత గట్టిగా అవ్వతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె ఏడవలేదు. ఏడిస్తే నా కోపం కొంచెం తగ్గేదేమో. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని ముందు నడిచింది.

మా ఇల్లు దాటి పోయాం. వాకిళ్లలో కూర్చున్న ఆడవాళ్లు మా వైపు వింతగా చూశారు. "ఓదెమ్మా, అటెటు వోతానవే? అది మొగిలిగాని ఇల్లు" అని ఎవరో అరిచారు. అవ్వ ఆగలేదు. ఆయన వాకిట్లో మాత్రం ఆగిపోయింది.

"నువ్వు చెప్పరాదు బిడ్డా. సదువుకున్నదానివి, మంచిగ చెప్తవ్."

"నేను చెప్ప. నీ నోటితోనే చెప్పాలె."

అవ్వ తలుపు మీద చెయ్యి వేసింది. కొట్టడం కూడా కాదు, ఊరికే తట్టింది.

"ఎవరది?" లోపలి నుంచి గొంతు. ఎవరూ తట్టని తలుపు కదా, ఆ గొంతులో నమ్మకం లేదు.

"నేను మొగిలన్నా. ఓదెమ్మను. ఒక ముచ్చట చెప్పనీకి వచ్చిన. కొంరమ్మ ముచ్చట."

లోపల మంచం కిర్రుమంది. చాలాసేపటికి ఆయన తలుపు అవతలికి వచ్చి నిలబడినట్టు తెలిసింది. గడియ మాత్రం తీయలేదు.

"నువ్వు స్టేషన్ల ఏం చెప్పినవో నాకెర్కే చెల్లే. మీ కట్టయ్య సచ్చే ముందల నా దగ్గరికొచ్చి, కాళ్ల మీద వడి అన్ని చెప్పి పోయిండు."

అవ్వ నా భుజం పట్టుకుంది. నాయిన చచ్చిపోయి పదహారేళ్లు. అంటే ఈ పదహారేళ్లూ ఆయనకు తెలుసు. రోజూ మా ముందు నుంచే కంకుల బుట్ట మోసుకుంటూ పోయాడు. ఒక్క మాట, ఒక్కరి దగ్గర, ఎందుకు అనలేదు?

"ఎందుకు ఊకున్న అంటవా? లోపటికి రా, చెప్త. నీ బిడ్డను గూడ రమ్మను. ఆమె కోసమే ఊకున్న, నేను నోరిప్పితె ఆ చిన్నపిల్లను గూడ నా లెక్కనే వాడకట్టు ఎలేస్తదని."

గడియ మీద ఆయన చెయ్యి పడిన చప్పుడు వినిపించింది.

ఆ తలుపు వెనక నేను విన్నది రాయడానికి నాకు కొంత ధైర్యం కావాలి. అందాక చదువుతున్న మీరు నాకొక పని చేసిపెట్టండి. ఆ షెడ్డు రేపో మాపో కూలుతుంది. రాయి అద్దాల పెట్టెలోకి పోతుంది, దాని కింద ఏదో ఒక దేవత పేరు రాస్తారు. మీరెప్పుడైనా మా వైపు వస్తే, దాని ముందు నిలబడితే, దండం పెట్టకండి. ఆమెను గుర్తు చేసుకోండి. ఆమె పేరు కొమురమ్మ. మొగిలయ్య భార్య. కండెల షెడ్డులో పనిచేసేది. ఆ రోజు ఆమె డ్యూటీకి వచ్చింది.